కూటమి కాపలా ఖర్చు ఎవరు భరించాలి? పాఠకుల ప్రశ్నలు, జవాబులు

అమెరికా, కెనడా, యూరప్ దేశాల సైనిక కూటమి అయిన నాటో సభ్యదేశాలు 2025 జూన్‌లో నెదర్లాండ్స్‌లోని హేగ్ నగరంలో సమావేశమై, 2035 నాటికి తమ జీడీపీలో 5 శాతాన్ని రక్షణకూ దానితో ముడిపడిన అవసరాలకూ వెచ్చిస్తామని ఒప్పుకొన్న తర్వాత, సైనిక కూటముల ఖర్చుల గురించి ఈ శీర్షికకు చాలా ఉత్తరాలు వచ్చాయి. ఒకే సందేహాన్ని వేర్వేరు మాటల్లో అడిగినవాటిని కలిపి, ఇక్కడ జవాబులు ఇస్తున్నాము.

ప్రశ్న: కొన్ని దేశాలు నాటోకు బాకీ పడ్డాయని అమెరికా అధ్యక్షుడు ట్రంప్ పలుమార్లు అన్నట్టు చదివాను. అసలు ఈ కూటమికి చందా కట్టే పద్ధతి ఉందా? కట్టని దేశాన్ని తీసేస్తారా?
— ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: చందా ఉన్న మాట నిజమే, అయితే ట్రంప్ చెప్పే బాకీకీ ఆ చందాకీ సంబంధం లేదు.

నాటోకు ఒక ఉమ్మడి నిధి ఉంది. బ్రస్సెల్స్‌లోని ప్రధాన కార్యాలయం, బెల్జియంలోనే మోన్స్ దగ్గర ఉన్న సైనిక కమాండ్, వాటిలో పనిచేసే సిబ్బంది, ఉపగ్రహ సమాచార వ్యవస్థ, అందరి విమానాలూ దిగడానికి వీలుగా నిర్మించే రన్‌వేలు, ఇంధనపు పైపులైన్లు వంటివాటికి ఈ నిధి నుంచి చెల్లిస్తారు. 2025లో దీని మొత్తం సుమారు 460 కోట్ల యూరోలు. ఒక్కో దేశం వాటాను ఆ దేశపు స్థూల జాతీయాదాయాన్ని బట్టి లెక్కకట్టి నిర్ణయిస్తారు. ఒకప్పుడు అమెరికా వాటా 22 శాతం దాకా ఉండేది. 2019లో కుదిరిన ఏర్పాటు ప్రకారం 2021 నుంచి దానిని తగ్గించి జర్మనీ వాటాతో సమానం చేశారు. 2024, 2025 సంవత్సరాలకు ఈ రెండు దేశాలూ చెరో 15.88 శాతం భరించాయి. అమెరికా ఆర్థిక వ్యవస్థ జర్మనీ కంటే దాదాపు ఆరింతలు పెద్దదన్న సంగతి గుర్తుంచుకుంటే, ఈ నిధి విషయంలో అమెరికా నష్టపోతోందని అనడానికి ఏమాత్రం వీలు లేదు.

కానీ ఈ నిధి, సభ్యదేశాలన్నీ రక్షణ మీద పెడుతున్న మొత్తం ఖర్చులో దాదాపు 0.3 శాతమే. మిగిలినదంతా ఏ దేశానికి ఆ దేశం తన సైనికుల జీతాలకు, ట్యాంకులకు, యుద్ధనౌకలకు తన బడ్జెట్‌లోంచి పెట్టుకొనే ఖర్చు. అపార్ట్‌మెంట్‌లో వాచ్‌మన్ జీతానికి, లిఫ్టు మరమ్మతుకు అందరూ కలిసి ఇచ్చే మెయింటెనెన్స్ వేరు, ఎవరి ఫ్లాటు తలుపుకు వారు పెట్టించుకొనే తాళం వేరు. ట్రంప్ ఫిర్యాదంతా ఈ రెండో రకం ఖర్చు గురించే. జీడీపీలో ఇంత శాతం సైన్యానికి పెడతామని చెప్పి పెట్టని దేశం మాట తప్పినట్టు అవుతుంది గాని, ఎవరికీ అప్పు పడినట్టు కాదు. ఆ డబ్బు చేరవలసిన ఖజానా బ్రస్సెల్స్‌లో గాని వాషింగ్టన్‌లో గాని లేదు.

సైన్యాన్ని ఏదైనా కార్యక్రమానికి పంపినప్పుడు కూడా పంపిన దేశమే తన సైనికుల ఖర్చును చాలావరకు భరించాలన్నది నాటోలో పాత నియమం. అఫ్గానిస్థాన్‌కు దళాలను పంపడానికి ముందుకొచ్చిన దేశానికి ప్రాణనష్టంతో పాటు ఆర్థిక భారం కూడా అదనంగా పడింది, పంపకుండా ఊరుకొన్న దేశానికి రెండూ మిగిలాయి. కూటమి ఖర్చుల పంపకంలో అన్నిటికంటే అన్యాయమైన నియమం ఇదేనని మా అభిప్రాయం. శాతాల గురించి జరిగిన రాద్ధాంతంలో పదో వంతు కూడా దీని గురించి జరగలేదు.

తీసేయడం సంగతికి వస్తే, నాటోను ఏర్పరచిన 1949 నాటి ఉత్తర అట్లాంటిక్ ఒప్పందంలో సభ్యదేశాన్ని బహిష్కరించే నిబంధన లేదు. తనకు తానుగా తప్పుకోదలచిన దేశం ఏడాది ముందు నోటీసు ఇచ్చి తప్పుకోవచ్చునని 13వ అధికరణం చెబుతుంది.

ప్రశ్న: పోటీ పరీక్షలకు చదువుతున్నాను. రక్షణకు జీడీపీలో 2 శాతం అనే లెక్క ఎవరు, ఏ ప్రాతిపదికన నిర్ణయించారు? అది 5 శాతం ఎలా అయింది?
— ఒక విద్యార్థిని, వరంగల్

జవాబు: ఒప్పందంలో ఏ శాతమూ లేదు. ప్రతి దేశమూ తన సొంత బలాన్నీ, ఇతరులతో కలిసి దాడిని ఎదుర్కొనే సామర్థ్యాన్నీ కాపాడుకొంటూ పెంచుకోవాలని 3వ అధికరణం అంటుంది, అంతే. ఒక దేశంపై దాడిని అందరిపై దాడిగా భావించాలని చెప్పే 5వ అధికరణం సైతం, ప్రతి దేశమూ తాను అవసరమని భావించిన చర్య తీసుకొంటుందనే మాటతో ఆగుతుంది. ఏ కూటమిలోనైనా ఖర్చుల గొడవకు బీజం ఇక్కడే ఉంటుంది: బాధ్యత ఉమ్మడిది, దాని పరిమాణాన్ని నిర్ణయించుకొనే స్వేచ్ఛ ఎవరిది వారిదే.

అంకెల లక్ష్యాలు ఆ లోటును పూడ్చడానికి వచ్చాయి. 1970ల చివరలో రక్షణ వ్యయాన్ని ఏటా 3 శాతం చొప్పున పెంచాలని అనుకొన్నారు. 2006లో సభ్యదేశాల రక్షణ మంత్రులు జీడీపీలో కనీసం 2 శాతం అనే మార్గదర్శకాన్ని అంగీకరించారు. శత్రువు బలాన్ని అంచనా వేసి, అవసరమైన విమానాలనూ దళాలనూ లెక్కించి తేల్చిన అంకె కాదు అది. రాజకీయంగా సాధ్యమనిపించిన అంకె. క్రిమియాను రష్యా కలుపుకొన్న 2014లో, వేల్స్ శిఖరాగ్ర సమావేశంలో దేశాధినేతలే దానికి తమ మాటను జోడించి, పదేళ్లలో ఆ స్థాయికి చేరేందుకు ప్రయత్నిస్తామని, అందులో 20 శాతాన్ని ప్రధాన ఆయుధ సామగ్రికి వెచ్చిస్తామని ప్రకటించారు.

ఆ సంవత్సరం 2 శాతాన్ని దాటినవి అమెరికా, బ్రిటన్, గ్రీస్ మాత్రమే. గ్రీస్ పేరు చూసి ఆశ్చర్యపోవలసిన పని లేదు. ఆ దేశం దశాబ్దాలుగా సైన్యాన్ని పెంచి పోషిస్తున్నది ప్రధానంగా తన పొరుగునున్న తుర్కియేను దృష్టిలో పెట్టుకొని. ఆ తుర్కియే కూడా నాటో సభ్యదేశమే. పైగా 2008 తర్వాతి సంక్షోభంలో గ్రీస్ ఆర్థిక వ్యవస్థ దాదాపు నాలుగో వంతు కుంగిపోయింది. భాగహారంలో కింది అంకె చిన్నదైతే ఫలితం పెద్దదిగా కనిపిస్తుంది కదా, పేదరికంలోకి జారిపోతున్న దేశం ఆ పట్టికలో ఆదర్శ సభ్యదేశంగా నిలిచింది. మరోవైపు డెన్మార్క్ 2 శాతానికి చాలా దూరంలో ఉన్న ఆ సంవత్సరాల్లోనే అఫ్గానిస్థాన్‌లో 40 మందికి పైగా సైనికులను పోగొట్టుకొంది. జనాభాతో పోల్చి చూస్తే అది కూటమిలో అత్యధిక ప్రాణనష్టాల్లో ఒకటి. సైనికుల పింఛన్లను కూడా నాటో రక్షణ వ్యయంగానే లెక్కిస్తుంది కాబట్టి, వృద్ధులైన మాజీ సైనికులు ఎక్కువగా ఉన్న దేశం ఒక్క తుపాకీ కొనకుండా కూడా తన శాతాన్ని కొంత నిలబెట్టుకోగలదు. ఒక దేశం ఎంత డబ్బు పోస్తోందో ఈ శాతం చెబుతుంది గాని, ఆ డబ్బుతో ఏమి సిద్ధంగా ఉందో, ఆపదలో దానిని పంపుతుందో లేదో చెప్పదు. అయినా శాతమే ఎందుకు నిలిచిందంటే, అది పత్రికల్లో పట్టికగా వేయడానికి వీలైనది, ఎన్నికల సభల్లో ఒక్క వాక్యంలో చెప్పడానికి వీలైనది.

2022లో ఉక్రెయిన్‌పై రష్యా పూర్తిస్థాయి దండయాత్ర మొదలుపెట్టాక అంకెలు వేగంగా మారాయి. నాటో 2025 అంచనాల ప్రకారం సైన్యం ఉన్న సభ్యదేశాలన్నీ 2 శాతాన్ని అందుకొన్నాయి. పోలెండ్ 4 శాతాన్ని దాటి అమెరికా కంటే ముందు నిలిచింది. సైన్యమే లేని ఐస్లాండ్‌కు ఈ పట్టికలో చోటు లేకపోయినా అది వ్యవస్థాపక సభ్యదేశం, ఉత్తర అట్లాంటిక్‌పై నిఘాకు కీలకమైన కెఫ్లావిక్ స్థావరం అక్కడే ఉంది. హేగ్‌లో ఒప్పుకొన్న 5 శాతంలో అసలు సైనిక వ్యయం 3.5 శాతం. మిగిలిన 1.5 శాతం రోడ్లు, వంతెనలు, ఓడరేవులు, సైబర్ భద్రత, రక్షణ పరిశ్రమల వంటివాటికి. ఈ రెండో భాగం గురించి మీరు పరీక్షలో రాయవలసి వస్తే కొంచెం అనుమానంతోనే రాయండి. సిసిలీ దీవిని ఇటలీ ప్రధాన భూభాగంతో కలిపే మెస్సినా వంతెనను రక్షణ వ్యయంగా చూపించే ఆలోచన ఇటలీలో అప్పుడే మొదలైంది. స్పెయిన్ ప్రధాని సాంచెజ్ అయితే తమకు 2.1 శాతం సరిపోతుందని ముందే చెప్పి పక్కకు తప్పుకొన్నారు.

ప్రశ్న: భారతదేశం ఏ సైనిక కూటమిలోనూ లేదు కదా, మరి మన ఖర్చు ఈ లెక్కల్లో ఎక్కడ ఉంటుంది? క్వాడ్‌కు ఏమైనా చెల్లిస్తున్నామా?
— ఒక పాఠకుడు, శ్రీకాకుళం

జవాబు: 2025–26 కేంద్ర బడ్జెట్‌లో రక్షణ శాఖకు కేటాయించినది 6.81 లక్షల కోట్ల రూపాయలు. నాటో పద్ధతిలోనే పింఛన్లను కలుపుకొని చూస్తే ఇది జీడీపీలో దాదాపు 1.9 శాతం, అందులో పింఛన్ల భాగమే 1.6 లక్షల కోట్లు. క్వాడ్ అనేది భారత్, అమెరికా, జపాన్, ఆస్ట్రేలియాల సంప్రదింపుల వేదిక. ఒకరిపై దాడి జరిగితే మిగిలినవారు రావాలనే ఒప్పందం గాని, ఉమ్మడి కమాండ్ గాని, ఉమ్మడి నిధి గాని దానికి లేవు.

ప్రశ్న: నేను ఇక్కడ ఇరవై ఏళ్లుగా పన్నులు కడుతున్నాను. ఉచిత వైద్యం, పొడవైన సెలవులు అనుభవించే సంపన్న యూరప్ దేశాలను నా పన్నుతో కాపాడటం ఎక్కడి న్యాయం? ట్రంప్ మాట తీరు నచ్చకపోయినా, ఆయన అడిగినదాంట్లో తప్పేముంది?
— ఒక పాఠకుడు, డాలస్, అమెరికా

జవాబు: అడిగినదాంట్లో తప్పు లేదు, కొత్తదనమూ లేదు. యూరప్ దేశాలు తమ న్యాయమైన వాటా చెల్లించడం లేదని అధ్యక్షుడు కెనడీ 1963 జనవరిలో తన జాతీయ భద్రతా మండలితోనే అన్నారు. యూరప్‌లోని అమెరికా సైనికుల సంఖ్యను సగానికి తగ్గించాలని సెనేటర్ మైక్ మాన్స్‌ఫీల్డ్ 1971లో తెచ్చిన సవరణ 36–61 ఓట్ల తేడాతో వీగిపోయింది. రక్షణ మంత్రి రాబర్ట్ గేట్స్ 2011లో పదవి నుంచి దిగిపోయే ముందు బ్రస్సెల్స్ వెళ్లి ఇదే విషయంలో గట్టిగా హెచ్చరించారు. పార్టీలకు అతీతంగా అమెరికా నాయకులు ఎందరో ఈ ఫిర్యాదు చేశారు. ఇతర దేశాల ఖర్చు పెరగకపోతే వాటిని కాపాడకపోవచ్చునని బహిరంగంగా అనడం మాత్రం ట్రంప్‌తోనే వచ్చింది.

ఇది ఎందుకు జరుగుతుందో 1966లో మాన్సర్ ఓల్సన్, రిచర్డ్ జెక్‌హౌజర్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు చక్కగా వివరించారు. అణ్వాయుధాల భయంతో శత్రువును ఆపడమనే రక్షణ ఒక విచిత్రమైన సరుకు. పదిమందికి అందించినా పదకొండో వాడికి తరిగిపోదు, డబ్బు ఇవ్వలేదని ఒకడిని దాని నుంచి మినహాయించడం కూడా కష్టం. అలాంటి సరుకు అన్నిటికంటే ఎక్కువగా అవసరమైన పెద్ద దేశం ఎలాగూ దానిని సమకూర్చుకొంటుంది. అది సమకూర్చుకొన్న తర్వాత చిన్న దేశానికి తన వంతు పెట్టవలసిన ఒత్తిడి ఉండదు. ఇందులో చిన్న దేశాల దుర్బుద్ధి ఏమీ లేదు, లెక్క అలా ఉంది. అయితే ఆ వాదన అణు కవచం ఉన్నంత మేరకే పూర్తిగా వర్తిస్తుంది. ట్యాంకులతో, పదాతి దళాలతో సరిహద్దును కాపాడవలసి వచ్చినప్పుడు, ఎస్టోనియాలో ఉన్న దళం అదే సమయంలో పోర్చుగల్‌లో ఉండదు కాబట్టి, ముప్పుకు దగ్గరగా ఉన్న దేశం తానే ఖర్చు పెట్టుకొంటుంది. పోలెండ్, బాల్టిక్ దేశాల శాతాలు బాగా పెరిగి స్పెయిన్ శాతం అంతగా పెరగకపోవడానికి వాషింగ్టన్ నుంచి వచ్చిన మందలింపుల కంటే భౌగోళికమే పెద్ద కారణమని మేము అనుకొంటున్నాము.

ఇక మీ పన్ను సంగతి. అమెరికా రక్షణ వ్యయమంతా యూరప్ కోసం కాదు. పసిఫిక్, పశ్చిమాసియా, సొంత భూభాగం, అణ్వాయుధాలు అన్నీ అందులో ఉన్నాయి. యూరప్‌లోని స్థావరాలు కూడా యూరప్‌కు మాత్రమే పనికివచ్చేవి కావు. ఇరాక్, అఫ్గానిస్థాన్ యుద్ధాల్లో గాయపడిన అమెరికా సైనికులను చేర్చినది జర్మనీలోని రామ్‌స్టైన్ వైమానిక స్థావరానికి, దాని పక్కనున్న లాండ్‌స్టూల్ సైనిక ఆస్పత్రికి. 5వ అధికరణాన్ని చరిత్రలో ఒకే ఒక్కసారి అమలు చేశారు, అది 2001 సెప్టెంబరు 11 దాడుల తర్వాత అమెరికాకు మద్దతుగా.

అమెరికా తన ఖర్చును మిత్రదేశం నుంచి రాబట్టుకొన్న సందర్భం కూడా ఒకటి ఉంది, మీరు అడిగిన న్యాయం దాని దగ్గర బాగా పరీక్షకు నిలబడుతుంది. 1950ల చివరికి పశ్చిమ జర్మనీలోని అమెరికా సైనికుల జీతాలు, కొనుగోళ్ల రూపంలో డాలర్లు ఆ దేశంలోకి ప్రవహించాయి; అప్పట్లో విదేశీ కేంద్ర బ్యాంకులు డాలర్లు ఇచ్చి అమెరికా నుంచి బంగారం తీసుకోగలిగేవి కాబట్టి, అవి అమెరికా బంగారు నిల్వలకు ముప్పు తెచ్చాయి. ఆ డాలర్లను వెనక్కి రప్పించడానికి, సైన్యానికి అయ్యే విదేశీ మారక ఖర్చుకు సరిపడా అమెరికా ఆయుధాలను పశ్చిమ జర్మనీ కొనాలని 1961లో ఒప్పందం కుదిరింది. కొన్నేళ్లు సాగింది. 1966 నాటికి ఆర్థిక మాంద్యంలో పడిన జర్మనీకి అది మోయలేని బరువైంది. ఛాన్సలర్ లుడ్విగ్ ఎర్హార్డ్ ఆ సెప్టెంబరులో వాషింగ్టన్ వెళ్లి గడువు అడిగితే, వియత్నాం యుద్ధ ఖర్చులతో సతమతమవుతున్న అధ్యక్షుడు జాన్సన్ ఒప్పుకోలేదు. బడ్జెట్ లోటును పూడ్చడానికి పన్నులు పెంచాలా వద్దా అన్న తగాదాలో ఎర్హార్డ్ సంకీర్ణ ప్రభుత్వం కొద్ది వారాల్లోనే చీలిపోయింది, సంవత్సరాంతానికి ఆయన పదవి పోయింది. అమెరికాకు అత్యంత అనుకూలుడైన జర్మన్ నాయకుడిని పడగొట్టిన కారణాల్లో అమెరికా పంపిన బిల్లు కూడా ఒకటి అయింది. మరుసటి సంవత్సరం కుదిరిన రాజీ మరీ చిత్రమైనది: తన దగ్గరున్న డాలర్లను ఇచ్చి అమెరికా నుంచి బంగారం అడగబోమని జర్మనీ కేంద్ర బ్యాంకు అధ్యక్షుడు కార్ల్ బ్లెసింగ్ 1967లో లిఖితపూర్వకంగా హామీ ఇచ్చారు. సైనిక రక్షణకు ప్రతిఫలం ద్రవ్య విధానంలో చెల్లింది. జీడీపీ శాతాల పట్టికలో ఇలాంటి చెల్లింపుకు గడి ఉండదు.

ప్రశ్న: దక్షిణ కొరియా, జపాన్ దేశాలు తమ గడ్డపై ఉన్న అమెరికా సైనికులకు జీతాలు ఇస్తున్నాయా? ఆ ఒప్పందాలు ఎలా ఉంటాయి?
— ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: సైనికుల జీతాలు అమెరికాయే ఇచ్చుకొంటుంది. ఆతిథ్య దేశం ఇచ్చేది స్థావరాల్లో పనిచేసే స్థానిక ఉద్యోగుల వేతనాలు, నిర్మాణాలు, సరఫరాలు, జపాన్ విషయంలో కరెంటు, నీటి బిల్లుల్లో కొంత. నాటో పద్ధతికీ దీనికీ తేడా ఏమిటంటే, ఇక్కడ నిజంగానే రెండు ప్రభుత్వాలు కూర్చొని ఒక మొత్తాన్ని బేరమాడి సంతకాలు పెడతాయి.

ఆశ్చర్యకరమైన విషయం, జపాన్ చేసుకొన్న అసలు ఒప్పందం ప్రకారం ఇవేవీ ఇవ్వనక్కరలేదు. జపాన్‌లో అమెరికా సైన్యం ఉండటానికి షరతులు చెప్పే 1960 నాటి సైనిక హోదా ఒప్పందంలోని 24వ అధికరణం, స్థలాలను జపాన్ ఉచితంగా సమకూర్చాలని, సైన్యం నిర్వహణ ఖర్చును అమెరికా భరించాలని చెబుతుంది. 1970లలో డాలర్ విలువ పడిపోయి, జపాన్‌లో వేతనాలు పెరిగి అమెరికాకు భారమైనప్పుడు, 1978లో రక్షణ సంస్థ అధిపతి షిన్ కనెమారు సానుభూతి కొద్దీ ఇస్తున్నామని చెప్పి స్థానిక ఉద్యోగుల సంక్షేమ ఖర్చుకు 620 కోట్ల యెన్‌లు కేటాయించారు. సానుభూతిగా మొదలైనది 1987 నుంచి ప్రత్యేక ఒప్పందాలుగా స్థిరపడింది; 2022 నుంచి ఐదేళ్లకు కుదిరిన ఒప్పందంలో జపాన్ వాటా ఏటా సగటున 21,100 కోట్ల యెన్‌లు. ఒకసారి ఇచ్చినదానిని మళ్లీ తగ్గించడం ఎంత కష్టమో దీనిని బట్టి తెలుస్తుంది. ఇందులో లెక్కకు రానిది భూమి. జపాన్ విస్తీర్ణంలో 0.6 శాతమే ఉన్న ఒకినావాలో, అమెరికా దళాలు మాత్రమే వాడుకొనే స్థావరాల భూమిలో దాదాపు 70 శాతం ఉంది. టోక్యో బడ్జెట్ నుంచి పోయేది యెన్‌లే, ఒకినావా ప్రజలు భరిస్తున్నది విమానాల మోత, ప్రమాదాలు, నేరాలు.

డబ్బు మాత్రమే ఇస్తే గౌరవం దక్కదన్న పాఠం జపాన్‌కు 1991 గల్ఫ్ యుద్ధంలో తగిలింది. పన్నులు పెంచి మరీ సుమారు 1,300 కోట్ల డాలర్లు ఇచ్చినా, యుద్ధం తర్వాత కువైట్ అమెరికా పత్రికల్లో వేయించిన కృతజ్ఞతా ప్రకటనలో జపాన్ పేరు లేదు. ఆ అవమానం తర్వాతనే మందుపాతరలు తొలగించే నౌకలను జపాన్ గల్ఫ్‌కు పంపింది, 1992లో శాంతి పరిరక్షణకు దళాలను పంపే చట్టం చేసింది.

కొరియాలో 28,500 మంది అమెరికా సైనికులు ఉన్నారు. 1991 నుంచి ఖర్చుల ఒప్పందాలు జరుగుతున్నాయి. 2019లో కొరియా వాటా 1.04 లక్షల కోట్ల వాన్‌లు, అంటే వంద కోట్ల డాలర్లకు కాస్త తక్కువ. దానిని ఐదు రెట్లు, దాదాపు 500 కోట్ల డాలర్లు చేయాలని ట్రంప్ ప్రభుత్వం పట్టుబట్టడంతో చర్చలు తెగలేదు, పాత ఒప్పందం గడువు ముగిసింది. 2020 ఏప్రిల్ 1 నుంచి స్థావరాల్లోని దాదాపు 4,000 మంది కొరియా ఉద్యోగులను జీతం లేని సెలవుపై పంపించారు. వంటశాలల్లో, గోదాముల్లో, కార్యాలయాల్లో పనిచేసేవారు రెండు ప్రభుత్వాల బేరంలో పావులయ్యారు. చివరకు వారి జీతాలను కొరియాయే ముందుగా చెల్లించడానికి జూన్‌లో అంగీకారం కుదిరింది. అధ్యక్షుడు మారాక 2021లో 13.9 శాతం పెంపుతో వ్యవహారం తేలింది. 2024 అక్టోబరులో, అమెరికా ఎన్నికలకు నెల ముందు, 2026లో 1.52 లక్షల కోట్ల వాన్‌లు ఇచ్చేలా, ఆ తర్వాతి పెంపును ధరల సూచీకి ముడిపెట్టేలా కొత్త ఒప్పందం చేసుకొన్నారు. ఆ తొందర ఎందుకో ఎవరూ వివరించనక్కరలేకపోయింది. వీటికి వెలుపల, ప్యాంగ్‌టేక్‌లోని క్యాంప్ హంఫ్రీస్ స్థావరం విస్తరణకు అయిన సుమారు 1,080 కోట్ల డాలర్లలో 90 శాతం దాకా కొరియా భరించింది.

ప్రశ్న: చరిత్ర ఉపాధ్యాయుడిగా పదవీ విరమణ చేశాను. సైన్యం ఒకరిది, ఖర్చు ఇంకొకరిది అన్నప్పుడల్లా నాకు నిజాం, ఈస్టిండియా కంపెనీల సైన్య సహకార ఒప్పందం గుర్తుకొస్తుంది. మా జిల్లా కంపెనీ చేతిలోకి వెళ్లింది ఆ ఖర్చు కిందనే కదా! నాటో కూడా అలాంటిదే అనవచ్చునా?
— ఒక పాఠకుడు, అనంతపురం

జవాబు: పోలిక చాలా దూరం నడుస్తుంది, ఒక చోట ఆగిపోతుంది.

1798 సెప్టెంబరులో వెల్లస్లీ గవర్నర్ జనరల్‌గా ఉండగా కుదిరిన ఒప్పందంలో, ఆరు పటాలాల కంపెనీ సైన్యాన్ని హైదరాబాద్ రాజ్యంలో ఉంచుకొని, దానికి ఏటా 24 లక్షల రూపాయలకు పైగా చెల్లించడానికి నిజాం అలీఖాన్ అంగీకరించాడు. బదులుగా ఫ్రెంచి అధికారులు తీర్చిదిద్దిన తన సొంత దళాలను రద్దు చేయవలసి వచ్చింది. ఏటేటా నగదు వసూలు చేయడంలో కంపెనీకి నమ్మకం లేదు. అందువల్ల 1800 అక్టోబరు ఒప్పందంలో సైన్యాన్ని పెంచి, నగదుకు బదులు భూమినే రాయించుకొన్నారు: 1792, 1799 యుద్ధాల తర్వాత మైసూరు నుంచి నిజాం వాటాకు వచ్చిన బళ్లారి, కడప, అనంతపురం ప్రాంతాలు అలా దత్త మండలాలుగా మద్రాసు ప్రభుత్వం కిందికి వెళ్లాయి, థామస్ మన్రో అక్కడ కలెక్టరుగా వచ్చాడు. నిజాంకు ఆ ప్రాంతాలు దక్కినది కంపెనీతో కలిసి టిప్పుతో పోరాడినందుకే. మిత్రత్వానికి ప్రతిఫలంగా వచ్చినది మిత్రుడి సైన్యం ఖర్చు కిందనే తిరిగి పోయింది. అంతటితోనూ ఆగలేదు. బ్రిటిష్ అధికారుల నాయకత్వంలోని హైదరాబాద్ కంటింజెంట్ అనే మరో దళం ఖర్చు బకాయిపడిందని చెప్పి, 1853లో బేరార్‌ను, దానితో పాటు రాయచూరు అంతర్వేదిని, ధారాశివ్‌ను కంపెనీ తన పాలనలోకి తీసుకొంది. చివరి రెండూ 1860లో తిరిగి వచ్చాయి గాని బేరార్ రాలేదు.

ఖర్చు ఎంత ఉండాలో రక్షకుడే నిర్ణయించడం, ఒకసారి ఒప్పుకొన్నది పెరుగుతూనే పోవడం, బకాయి అనే మాటను ఒత్తిడికి వాడటం, ఈ మూడూ మీకు నేటి వార్తల్లోనూ కనిపిస్తాయి. పోలిక ఆగేది అధికారం దగ్గర. కంపెనీ అనుమతి లేకుండా నిజాం ఇతర రాజ్యాలతో వ్యవహారం నడపలేడు, ఒప్పందం నుంచి బయటపడలేడు. నాటోలో దేశాల సొంత సైన్యాలు అలాగే ఉంటాయి, నిర్ణయాలకు అందరి అంగీకారమూ కావాలి. 1966లో అధ్యక్షుడు డిగాల్ ఫ్రాన్స్‌ను సైనిక కమాండ్ నుంచి తప్పించి, నాటో ప్రధాన కార్యాలయాన్ని ప్యారిస్ నుంచి పంపించివేసినప్పుడు కూటమి ఆయన అడిగినట్టే తరలిపోయింది, యుద్ధానికి దిగలేదు. ఫ్రాన్స్ 2009లో తనంత తానుగా తిరిగి వచ్చింది. సికింద్రాబాద్ దండును అలా ఖాళీ చేయించే వీలు ఏ నిజాంకూ లేకపోయింది. అయినా మీ అనుమానాన్ని పూర్తిగా కొట్టివేయలేము: ఐసెన్‌హోవర్ మొదలుకొని యూరప్‌లో నాటో సర్వసేనాని పదవిలో ఉన్నవారందరూ అమెరికన్లే. ఎక్కువ చెల్లించమని అడుగుతున్న అమెరికా, ఎక్కువ చెల్లించినవారికి ఆ పదవిలో వంతు ఇస్తుందా అన్నది యూరప్ రాజధానుల్లో ఇక ముందు గట్టిగానే వినిపించే ప్రశ్న.

ప్రశ్న: ఉక్రెయిన్ నాటోలో లేదు కదా, దానికి ఇచ్చే ఆయుధాలు కూడా సభ్యదేశాల 5 శాతంలో కలుస్తాయా?
— ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: కలుస్తాయి. ఉక్రెయిన్ రక్షణకూ దాని రక్షణ పరిశ్రమకూ నేరుగా ఇచ్చే సాయాన్ని సభ్యదేశం తన రక్షణ వ్యయంలో చూపుకోవచ్చునని హేగ్ ప్రకటనలోనే ఉంది. 2025 జులై నుంచి మరో ఏర్పాటు కూడా మొదలైంది. అమెరికా ఆయుధాలను యూరప్ దేశాలు, కెనడా డబ్బు పెట్టి కొంటే, అవి ఉక్రెయిన్‌కు చేరుతాయి. అమెరికా దాత స్థానం నుంచి అమ్మకందారు స్థానానికి మారిందని దీని అర్థం. డాలస్ పాఠకుడికి ఇది కొంత ఊరట కలిగించవచ్చు.

యూరప్ లోపల కూడా పాత్రలు మారుతున్నాయి. రక్షణకు జీడీపీలో 1 శాతానికి మించి చేసే ఖర్చును రుణ పరిమితి నుంచి మినహాయిస్తూ జర్మనీ 2025 మార్చిలో తన రాజ్యాంగాన్ని సవరించుకొంది. సుమారు 5,000 మందితో ఒక బ్రిగేడ్‌ను 2027 నాటికి లిథువేనియాలో శాశ్వతంగా నిలిపే పనిలో ఉంది. సైనికులు, ఆయుధాలు, వారి జీతాలు జర్మనీవి. బ్యారకులు, శిక్షణ మైదానాలు కట్టించే ఖర్చు లిథువేనియాది. ఆ దేశ జనాభా 30 లక్షల లోపే. అమెరికా సైన్యానికి ఆరు దశాబ్దాల కిందట తాను ఎంత ఇవ్వాలో బేరమాడిన జర్మనీ, ఇప్పుడు అదే బేరంలో అవతలి కుర్చీలో కూర్చొంది. హేగ్ లక్ష్యాలపై కూటమి 2029లో సమీక్ష జరుపుతుంది.